పులస కోసం పుస్తెలు అమ్మాలా?



కోనసీమ నుండి ఒక చెల్లెలు ఉత్తరం వ్రాసింది. కొత్త అల్లుడు వానాకాలంలో మొదటిసారి ఇంటికి వస్తున్నాడట. పులస పులుసు ఎలా వండాలో వివరంగా తెలుపమని అడిగింది. ఉత్తరం చివర చిన్న అక్షరాలతో, “ధర వింటే గుండె జారిపోతోంది అక్కయ్యా, అయినా తప్పదు కదా” అని కూడా వ్రాసింది. ముందు ఆ చివరి మాటకే జవాబు చెబుతాను. తప్పుతుంది చెల్లీ, తప్పకుండా తప్పుతుంది.

పుస్తెలమ్మి అయినా పులస తినాలని మన గోదావరి జిల్లాల్లో సామెత ఉన్నది. సామెత చెప్పినవారెవరో గాని, పుస్తెలు మాత్రం వారివి కావని నా అనుమానం.

ఈ చేప సముద్రంలో ఉన్నంతకాలం విలస. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి అంతర్వేది, యానాం వైపుల నుండి ఏటిలోకి ఎక్కి, వరదకు ఎదురీదుతుంది. అప్పటి నుండి దాని పేరు పులస. ఒంట్లో కూడబెట్టుకున్న కొవ్వు బలంతోనే అంత ప్రయాణం చేస్తుంది. ఆ కొవ్వే దాని రుచి. బెంగాలీలు ఇలిష్ అని ప్రాణం పెట్టేది కూడా ఈ జాతి చేపకే. వాళ్ళు ఆవముద్దలో వండుతారు, మనం చింతపండు పులుసులో వండుతాం.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన డెల్టాకు అన్నం పెట్టింది. చేపకు మాత్రం అదే హద్దు అయింది. దొరికేది కొద్ది వారాలు, ఆ కాస్త నీటిలోనే. అందుకే యానాం వేలంలో ఒక్క చేప ఇరవై వేలు దాటిందని ఈ మధ్య సంవత్సరాల్లో పత్రికల్లో చదువుతున్నాం.

మా ఇంటి సంగతి చెబుతాను. మా పెద్దమ్మాయి పెళ్ళైన ఏడు నేనూ ఈ చెల్లెలిలాగే అనుకున్నాను. చీటీ పాడిన డబ్బులో సగం పట్టుకొని వెళ్ళి, రోడ్డు ప్రక్కన బుట్ట పెట్టుకున్న ఒకతని దగ్గర చేప కొన్నాను. ఇంటికి తెచ్చాక మా అత్తయ్యగారు మొప్ప ఎత్తి చూశారు. ఎర్రగా ఉండవలసిన మొప్ప పాలిపోయి ఉంది, కళ్ళు లోపలికి దిగిపోయాయి. “అమ్మాయ్, ఇది మన ఏరెక్కిన చేప కాదు. ఐసు పెట్టెలో ఎక్కడినుండో వచ్చింది” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఒక్క మాట కూడా తిట్టకుండా దాక కడగమన్నారు. ఆ రాత్రి ఆవిడ వండిన పద్ధతే ఇక్కడ వ్రాస్తున్నాను. శీలావతికైనా, బొచ్చెకైనా ఇదే సరిపోతుంది.

కిలోన్నర చేపను పొలుసు తీసి శుభ్రం చేసి, రెండు వేళ్ళ మందాన ముక్కలు కోయించండి. పలుచని ముక్కలు పులుసులో విరిగిపోతాయి. ఉప్పు, పసుపు, కారం పట్టించి అరగంట ఉంచండి. పెద్ద నిమ్మకాయలంత రెండు ఉండలు చింతపండు నానబెట్టి చిక్కగా పిండండి. నాలుగు ఉల్లిపాయలు ముద్దగా నూరుకోండి. వెడల్పాటి మట్టి దాకలో నువ్వులనూనె కాస్త ధారాళంగానే పోసి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, ఆ తరువాత ఉల్లిముద్ద వేసి, పచ్చివాసన పోయి నూనె తేలేవరకు వేయించండి. ఇక్కడ తొందరపడితే మరి బాగుచేసుకోలేరు. కారం, ధనియాలపొడి, జీలకర్రపొడి వేసి పులుసు పోయండి. మరిగాక ముక్కలు ఒక్కొక్కటిగా పేర్చి, పైన లేత బెండకాయలు నాలుగైదు విరవకుండా వేయండి.

ఇక గరిటె ముట్టుకోవద్దు. రెండు చేతులా గుడ్డతో దాక అంచులు పట్టుకొని మెల్లగా త్రిప్పాలి. కట్టెల పొయ్యి అయితే మంట లాగేసి నిప్పుల మీద ఉంచండి. గ్యాసు అయితే సన్నని సెగ చాలు. అసలు పులసకైతే గంటపైనే కావాలి, ఆ పులుపులో నిదానంగా ఉడికితే దాని సన్నని ముళ్ళు కొంత మెత్తబడతాయి. మామూలు చేపకు అరగంట చాలు. దించే ముందు చెంచాడు వెన్న గాని, ఆవకాయ మీద తేలిన నూనె గాని వేయండి. మా అత్తయ్యగారు ఆవకాయ నూనే వేసేవారు. వెన్న వేయడం డబ్బున్నవాళ్ళ వేషం అనేవారు!

ఆ రాత్రి తినవద్దు. మూతపెట్టి ఉంచి మర్నాడు వడ్డించండి. ముక్కకు పులుసు పట్టేది అప్పుడే.

మర్నాడు మా అల్లుడుగారు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. చేప ఏదని అడగలేదు, నేనూ పులస అని చెప్పలేదు. కాసేపటికి అత్తయ్యగారే నవ్వుతూ, “బాబూ, ఇది ఐసు చేప. మా కోడలు మోసపోయింది” అని చెప్పేశారు. ఆయన దాక అడుగున మిగిలిన పులుసు కూడా పెట్టమన్నారు.

మరొక్క విషయం. గుడ్లున్న చేపకే గిరాకీ ఎక్కువ, మనమూ దానినే అడుగుతాం. అది ఇంత దూరం వచ్చేదే ఆ గుడ్లు ఏటిలో విడవడానికి. మన తీరంలో యంత్రపు పడవలకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు. పులస ఏరెక్కేది ఆ గడువు దాటిన తరువాత. బంగ్లాదేశ్‌లో ఈ చేప గుడ్లు పెట్టే కాలమని అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు పట్టడమే మానిపిస్తారు. ఇక్కడ వల వేసేవానికి ఈ నాలుగు వారాలే పంట కనుక అతనిని అనలేను. కొనే మనం గుడ్ల చేపే కావాలని పట్టుబట్టకుండా ఉండగలం కదా.

కొత్త దాక కొంటే రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి పారబోసి అప్పుడు వాడండి. సబ్బుతో తోమవద్దు, ఆ వాసన పులుసుకు పడుతుంది. బూడిద, కొబ్బరి పీచు చాలు.