తుంగభద్ర 19వ గేటు: 70 ఏళ్లు బాగానే ఉంది.. ఆ రాత్రి ఏమైంది?

2024 ఆగస్టు 10 రాత్రి. కర్ణాటకలోని హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం నిండుకుండలా ఉంది. 19వ నంబర్ గేటు చైన్ తెగింది, గేటు కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీలోంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు దూకాయి. డ్యాంపై ఒత్తిడి తగ్గించడానికి మొత్తం 33 గేట్లూ ఎత్తేశారు.

వీడియోల్లో మనం చూసింది ఆ నీళ్లనే. అసలు కథ మాత్రం అంతకుముందు 70 ఏళ్లది.

డ్యాం ముసలిదవుతోందని ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. మొదట్లో దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 105.78 టీఎంసీలే. ఇది మెల్లగా వచ్చే ముసలితనం, సర్వే చేస్తే లెక్క తేలుతుంది.

చైన్ అలా కాదు. తుప్పు, రాపిడి దాన్ని ఏటా కొంచెం కొంచెం తింటూనే ఉంటాయి. కానీ అరిగిన లింకు కూడా గేటును ఎత్తుతుంది, దించుతుంది. చూసేవాళ్లకు గేటు పనిచేస్తున్నట్టే లెక్క. లింకు బలం దాని మీద పడే బరువు కంటే తగ్గిన క్షణంలో మాత్రం అంతా అయిపోతుంది. మధ్యలో 'కాస్త పాడైన గేటు' అనే దశ దాదాపు ఉండదు.

పాత డ్యాంల జబ్బే కదా అనుకోకండి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. ఆ ప్రాజెక్టుకు అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

తుంగభద్రలో నిపుణుడు కన్నయ్యనాయుడు టీమ్ వారంలోనే, పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్‌లు దించింది. మామూలు పని కాదది. ఆ తర్వాత వానలు పడి డ్యాం మళ్లీ నిండింది. హమ్మయ్య, అంతా సర్దుకుంది అనుకున్నాం.

సర్దుకోలేదు. మిగతా గేట్ల మీదా నమ్మకం సడలింది. 2025 సీజన్‌లో నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేశారు. లెక్క చూడండి: పూడిక 70 ఏళ్లలో మింగింది సుమారు 27 టీఎంసీలు. గేట్ల భయం ఒక్క సీజన్‌లో దూరం చేసింది దాదాపు 26!

గేట్లు మార్చాలంటే డ్యాంలో నీళ్లు తగ్గాలి. కర్నూలు, అనంతపురం, కడప, గద్వాల రైతులు 2025లో అడిగింది ఒక్కటే: రెండో పంటకు నీళ్లు వదులుతారా, లేదా?