వెళ్లొస్తా బంగారం

వలస కూలీ అనగానే ఇంగ్లిష్‌వాడి ముఖం మనకు తట్టదు. 1983 నవంబర్‌లో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైన హాస్య ధారావాహిక 'ఔఫ్ వీడర్‌జేన్, పెట్' ఆ ముఖాన్నే చూపించింది. పేరులో సగం జర్మన్ వీడ్కోలు, సగం న్యూకాజిల్ ముద్దు పిలుపు. వెళ్లొస్తా బంగారం అన్నమాట.

మార్గరెట్ థాచర్ హయాంలో నిరుద్యోగులు 30 లక్షలు దాటిన కాలమది. సొంతూళ్లో పని దొరకని ఏడుగురు భవన నిర్మాణ కార్మికులు పొట్ట చేతపట్టుకుని డ్యూసెల్‌డార్ఫ్ చేరతారు. అందరికీ కలిపి ఒకే చెక్క షెడ్డు. భార్య మీద బెంగతో కుమిలిపోయే నెవిల్, జర్మన్లతో యుద్ధం ఇంకా ముగియలేదనుకునే ఓజ్, తగవులు తీర్చే పెద్దన్న డెనిస్... రచయితలు డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనె వీళ్లపై జాలి కురిపించలేదు. వీళ్ల నోట జోకులు పెట్టారు. అభిమానులు నేటికీ తలచుకునేది ఆ గౌరవాన్నే.

వేన్ పాత్రధారి గ్యారీ హోల్టన్ 1985లో, రెండో సిరీస్ షూటింగ్ సాగుతుండగానే మరణించారు. మిగతా బృందాన్ని 2002లో బీబీసీ మళ్లీ కలిపింది. ఈసారి కథ మిడిల్స్‌బరోలోని ట్రాన్స్‌పోర్టర్ వంతెనను ఊడదీసి అమెరికాకు అమ్మేయడం. అది నిజమేనని నమ్మి కంగారుపడినవాళ్లున్నారు! వంతెన ఉన్నచోటే ఉందని బీబీసీ తెరమీద చెప్పాల్సి వచ్చింది. వాళ్లను అమాయకులనలేం. కళ్లెదుటే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడిన ఊరికి వంతెన కూడా పోతుందంటే నమ్మకపోవడమే కష్టం.