ఆకాశాన్ని చూసి నదిలో దిగకండి!



దసరా సెలవులు వచ్చాయంటే మన నిజామాబాదు, బోధను ప్రాంతాల పిల్లలకు కాళ్ళు ఇంట్లో నిలవవు. తంగేడు, గునుగు పూల కోసం గట్లవెంట తిరుగుతారు. బతుకమ్మలతో చెరువు కట్టకు వెళతారు. అలీసాగర్ తోటకో, కందకుర్తి రేవుకో తీసుకుపొమ్మని పెద్దలను వేధిస్తారు. ఉపాధ్యాయుణ్ణి కనుక, "ఇంట్లో కూర్చుని చదువుకోండి" అంటానని అనుకున్నారేమో! అనను. ఆరుబయట తిరగడానికి శరత్కాలం కంటె మంచి కాలం మనకు లేదు.

కారణం తెలుసా? నాలుగు నెలల వానలు గాలిలోని దుమ్మును కడిగివేశాయి. అక్టోబరు నడుమకు నైరుతి ఋతుపవనాలు సాధారణంగా మన ప్రాంతం విడిచిపోతాయి. మబ్బులు విడిపోతాయి. పగలు నేల గ్రహించిన వేడి రాత్రి పైకి పోతుంది. దాన్ని ఆపే మబ్బుల దుప్పటి లేదు. అందుకే తెల్లవారేసరికి గడ్డిమీద మంచు బిందువులు కనబడతాయి. చెరువు నీరు నేలంత త్వరగా చల్లారదు. వెచ్చని నీటినుండి లేచిన ఆవిరి చల్లగాలి తగిలి పొగమంచుగా మారుతుంది. పొద్దున్నే చెరువు పొగలు కక్కేది ఇందుకే.

ఇంత చక్కని ఆకాశమే ఒకసారి నన్ను మోసగించింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. దసరా సెలవుల్లో మిత్రులతో గోదావరి ఇసుక మేట మీద ఆడుకుంటున్నాను. ఎండ ఫెళ్ళున కాస్తున్నది. మా ఊళ్ళో వారం రోజులుగా చినుకు లేదు. ఇంతలో వల ఆరవేసుకుంటున్న బెస్త తాత ఒకాయన, "పోరగాండ్లూ! గంగ రంగు మారింది, ఒడ్డుకు రాండ్రి!" అని కేకవేశాడు. చూస్తే నీరు ఎర్రబారింది. నురగ, పుల్లలు కొట్టుకు వస్తున్నాయి. మేము ఒడ్డెక్కిన కాసేపటికే ఆ మేట మునిగిపోయింది. మా సద్ది గిన్నెలు, చెప్పులు గంగపాలు! వాన లేకుండా వరద ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

జవాబు పటంలో ఉన్నది. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ జిల్లా త్ర్యంబకం వద్ద పడమటి కనుమలలో పుట్టి, వందల కిలోమీటర్లు నడిచి కందకుర్తి వద్ద తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడే దానిలో కలిసే మంజీర, బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను దాటి వస్తుంది. అంటే మన తలపై ఉన్న ఆకాశం మనది. మన కాళ్ళ ముందున్న నీరు మాత్రం ఎక్కడో కురిసిన వానది! ఒక లెక్క వేయండి. వరద గంటకు 5 కిలోమీటర్లు నడిస్తే, 100 కిలోమీటర్ల దూరం రావడానికి 20 గంటలు పడుతుంది. నిన్న అక్కడ కురిసిన వాన ఈరోజు ఇక్కడికి వస్తుందన్నమాట. ఎగువన గేట్లు ఎత్తినా ఇంతే.

ఇంకొక విషయం. దసరానాటి గోదావరి వేరు, కార్తీకంనాటి గోదావరి వేరు. నాందేడ్ జిల్లాలోని బాబ్లీ ఆనకట్ట గేట్లను జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచి ఉంచాలని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. కనుక దసరాలో పైనుండి వచ్చిన వరద నేరుగా మనవైపు సాగుతుంది. గేట్లు మూశాక ప్రవాహం తగ్గుతుంది. తుపాను వానలు పడితే లెక్క మారవచ్చు.

దసరాలో ప్రమాదం వేగం. నీటి వేగం రెండింతలైతే అది మనను తోసే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతే కదా అని దిగినవాడి కాళ్ళు తేలిపోవడానికి కారణం ఇదే. కార్తీకంలో ప్రమాదం తేటదనం. వక్రీభవనం పాఠం గుర్తున్నదా? తేట నీటిలోకి నిటారుగా చూస్తే 4 అడుగుల లోతు 3 అడుగులుగా కనిపిస్తుంది. ఒడ్డునుండి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. ఇసుక తవ్విన గుంతలుంటే చెప్పనే అక్కరలేదు.

"అయితే పిల్లలను నది దరికే పోనివ్వకూడదు" అంటారు కొందరు పెద్దలు. వారి భయం న్యాయమైనదే, ఉపాయం మాత్రం సరికాదు. వద్దన్న పిల్లలు చెప్పకుండా పోతారు. చెప్పకుండా పోయినవారికి ఆపదలో కేక వేసే తాత ఉండడు. నదిని చదవడం నేర్పడమే మేలని నా అభిప్రాయం. జలచక్రాన్ని బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకుంటున్నాము. ఆ చక్రం మన ఊరి రేవులోనే తిరుగుతున్నదని మరచిపోతున్నాము.

ఒక పని చేయండి. వానాకాలం మొదలు కార్తీకం దాకా మీ బడి నల్లబల్ల మూలన రోజూ మూడు సంగతులు రాయండి. నిజాంసాగర్, శ్రీరాంసాగర్‌లలో నీటిమట్టం ఎంత? గేట్లు ఎన్ని ఎత్తారు? ఎగువ జిల్లాలలో వాన పడిందా? వార్తాపత్రికలో ఇవన్నీ దొరుకుతాయి. సెలవులకు ముందు ఆ లెక్కలను ఇంట్లోవారికి చూపించండి. వెళ్ళేటప్పుడు పెద్దలను వెంటబెట్టుకోండి, రేవులోని జాలరులను అడగండి. నీటి రంగు మారినా, నురగ, పుల్లలు వచ్చినా, గేట్లు ఎత్తుతున్నట్లు సైరను వినిపించినా వెంటనే ఒడ్డెక్కండి. వస్తువుల కోసం వెనుదిరగవద్దు. సద్ది గిన్నె మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఆ తాత బడికి పోలేదు. అయినా నది రంగులో ఎగువ వానను చదివాడు. బడికి పోతున్న మీరు ఆపాటి చదవలేరా?