కొత్త గులాబీల పుట్టుక దాచడమెందుకు?

గుడిమల్కాపూర్ పూల బజారులో గులాబీ బేరం కాడ పొడవు, మొగ్గ సైజు, రంగు మీద సాగుతుంది. పువ్వు కొనేవారికి దాని వంశంతో పని లేదు. రెండు రోజుల్లో వాడిపోయే సరుకు. మొక్క కొనే రైతు సంగతి వేరు. బాంకు అప్పుతో పాలీహౌస్ వేసి, రాయల్టీతో సహా వెల చెల్లించి నాటినవాడు ఆ మడితో కొన్నేళ్లు కాపురం చేయాలి. అతనికి చేరే కాగితంలో పేరు, రంగు, ఒక ఫొటో ఉంటాయి. తల్లిదండ్రుల ఊసు తరచు ఉండదు. ఉన్నా, పేరులేని నారును మరో పేరులేని నారుతో కలిపినదని సరిపెడతారు. ఒంగోలు గిత్త బేరంలో ఈ మాట చెబితే ఎవరు ఊరుకుంటారు?

పుట్టుక తెలిస్తే ఒరిగేదేమిటని అడగవచ్చు. ఫ్రాన్సులో లియాన్ నగరానికి చెందిన పెర్నే డుషే 1900లో 'సొలేయ్ డోర్' అనే రకం విడుదల చేశాడు. దాని పూర్వీకులలో 'పర్షియన్ ఎల్లో' ఒకటి. తర్వాత వచ్చిన పసుపు, నారింజ గులాబీలలో చాలావాటికి రంగు ఆ చుట్టరికం వల్లనే అబ్బింది. దానితోపాటు నల్లమచ్చ తెగులుకు లొంగే గుణమూ అబ్బింది. ఈ సంబంధం తెలిసిన రైతు మందు ఖర్చు ముందే లెక్క వేసుకుంటాడు. తెలియనివాడు తోట మాడిన తర్వాత వేసుకుంటాడు. అయితే ఒకే కాయలోని గింజలు ఒకలా ఉండవు కనుక వంశం చూసి దిగుబడికి పూచీ పడలేము.

వ్యాపార రహస్యం బయటపడుతుందని తయారీదార్ల వాదన. పత్తి, మొక్కజొన్న హైబ్రిడ్ల విషయంలో ఈ మాటకు కొంత బలం ఉంది. ఆ తల్లిదండ్రుల వరుసలు చేతికి చిక్కితే అదే విత్తనం మళ్లీ తీయవచ్చు. గులాబీలో అది కుదరదు. అదే జతను వెయ్యిసార్లు కలిపినా అదే మొక్క రాదు. అంటు కట్టి పెంచవలసిందే. మంచి తల్లి ఏదో పోటీదారుకు తెలుస్తుందన్నది నిజమే. ఇంగ్లండులో హెన్రీ బెనెట్ 1879లోనే ఇరు పక్షాల పేర్లూ చెప్పి 'వంశావళి గులాబీలు' అమ్మాడు. అతని వ్యాపారం మునగలేదు.

మన 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం రకం నమోదు కోరేవారిని జనక రకాల వివరాలు ఇమ్మంటోంది. గిరిజన, గ్రామీణ కుటుంబాలు కాపాడిన మూలాన్ని వాడి ఆ సంగతి దాస్తే దరఖాస్తును తిరస్కరించే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. ఇది ఉత్తి లాంఛనం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా చేసి కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరరాఘవన్, మణిపూర్ కొండల్లో పెరిగే రోజా జైగాంటియా వంటి అడవి గులాబీలతో వేడి ప్రాంతాలకు తగిన రకాలు తయారుచేశారు. ఏ రకంలో ఏ అడవి గులాబీ ఉన్నదో బాహాటంగా చెప్పారు. రేపు మరొకరు ఆ అడవి మొక్కనే వాడి పేరు దాస్తే, కొండవాసులకు రావలసిన వాటా లెక్కకే రాదు.

అయితే నమోదు ఐచ్ఛికం. పైగా రిజిస్ట్రారు దస్త్రంలో ఉన్న వివరం కుప్పం రైతుకు చేరినట్టు కాదు. నర్సరీ బిల్లు మీదనే తల్లి పేరు, తండ్రి పేరు, అంటుకు వాడిన వేరుమొక్క పేరు ఉండాలి. పాత రకం కొమ్మపై మార్పుగా పుట్టినదయితే ఆ మాటా రాయాలి. లేకుంటే పాత సరుకుకే కొత్త రాయల్టీ కట్టించే వీలుంటుంది. చట్ట సవరణ దాకా ఆగనక్కరలేదు. వేల మొక్కలకు ఒకేసారి ఆర్డరు పెట్టే రైతు సంఘాలు ఆర్డరు ఫారంలో ఈ మూడు గడులు చేర్చి, అవి నింపిన తర్వాతే అడ్వాన్సు చెల్లించవచ్చు.