ఉప్పు తక్కువైందని ఎవరు చెప్పాలి?

తెలుగునాట ఇప్పుడు బాగాలేని హోటలంటూ లేదు. నమ్మకం లేకపోతే ఫోను తెరిచి చూడండి. బండి మీద బజ్జీ దగ్గర్నుంచి కుండ బిర్యానీ దాకా ఏది తిన్నా తినేవాడి కళ్ళు మూతలు పడతాయి, తల అటూ ఇటూ ఊగుతుంది, ‘వేరే లెవెల్’ అంటాడు. ముద్ద ఇంకా గొంతు దిగదు, తీర్పు మాత్రం వచ్చేస్తుంది. పొగలు కక్కే ఇడ్లీ నోట్లో పెట్టుకున్న మనిషి ముందు నాలిక కాలి ‘హా హూ’ అనాలి కదా, పాపం అదీ ఉండదు.

ఇంకోవైపు స్టార్లు. ఇస్తే ఐదు, లేకపోతే ఒకటి. ఐదిచ్చినవాడు ‘సూపర్’ అని రాస్తాడు. ఒకటిచ్చినవాడు ‘వేస్ట్, ఎవరూ వెళ్ళకండి’ అని రాస్తాడు. ఏం తిన్నారో, ఏ పూట తిన్నారో, ఎంత పెట్టి తిన్నారో ఇద్దరూ చెప్పరు. ఆ ఒక్క స్టారు వెనక కథేమిటా అని చూస్తే చాలాసార్లు పార్సిల్ తెచ్చిన కుర్రాడు వానలో ఇరుక్కుపోయి అరగంట ఆలస్యంగా వచ్చుంటాడు. వండినవాడికి ఆ వానతో ఏం సంబంధం?

ఈ రెండు గోలల మధ్య రోజూ తినేవాడి మాట వినపడదు. నేను ఆ రోజూ తినేవాణ్ణి. పాతికేళ్ళ హైదరాబాదు ఉద్యోగంలో మధ్యాహ్నం భోజనం దాదాపు ఎప్పుడూ బయటే. టిఫిన్ సెంటర్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు, బండ్లు. అయినా నా ఫిర్యాదు వీడియోలవాళ్ళ మీద ఎంతుందో, నా మీదా నాలాంటివాళ్ళ మీదా అంతకన్నా ఎక్కువుంది. మనం తిట్టడానికి నోరు విప్పుతాం, పొగడ్డానికి విప్పుతాం. ఉన్నదున్నట్టు చెప్పమంటే మాత్రం నోట్లో ముద్ద అడ్డమొస్తుంది.

చిక్కడపల్లి వైపు ఒక సందులో ఒక మెస్సు ఉండేది. భార్యాభర్తలు, గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ళు. కింద వాళ్ళు వండేవాళ్ళు, మేడ మీద రేకుల షెడ్డులో మేం తినేవాళ్ళం. అక్కడ భోజనం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే అప్పట్లో నేను చెప్పే మాట ఒకటే. పప్పు కోసం వెళ్ళండి, మిగతావి మామూలు. మామిడికాయ పప్పు, దోసకాయ పప్పు, తోటకూర పప్పు, రోజుకొకటి. పోపులో ఎండుమిర్చి నల్లబడకుండా వేగేది, ఇంగువ ఉందో లేదో తెలిసీ తెలియకుండా ఉండేది. అన్నం పాత బియ్యం, పొడిపొడిగా. గడ్డ పెరుగు. సాంబారు మాత్రం మొదట్నుంచీ అంతంతమాత్రమే, వేపుళ్ళు నూనె ఓడేవి. ఇదీ నిజాయితీగా దాని లెక్క.

2021 తర్వాత ఆ లెక్క మారడం మొదలైంది. పోపు మాడేది. ఇంగువ ఒకరోజు గుప్పెడు పడేది, ఒకరోజు అసలుండేది కాదు. వేపుడులో నిన్నటి నూనె వాసన. కొత్త బియ్యమేమో, అన్నం ముద్దగా గరిటెకి అంటుకునేది. మేడ మీద మా బల్ల దగ్గర రోజూ ఇదే చర్చ. వంటవాడు మారాడని ఒకరు, ఆయనకి డబ్బాశ ఎక్కువైందని ఒకరు. అంతా తిట్టుకుంటూ తినేసి, కిందకి దిగి డబ్బులిచ్చేటప్పుడు ఆయన అడిగేవాడు, "ఎలా ఉందండీ ఇవాళ?" అని. "బావుందండీ" అనేవాళ్ళం. నేనూ అన్నాను. ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

తర్వాత ఒక్కొక్కళ్ళం పక్క సందులో కొత్తగా పెట్టిన మెస్సుకి మారిపోయాం. చెప్పి వెళ్ళింది ఎవరూ లేరు. నెల కూపన్లు కొన్నవాళ్ళు అవి అయిపోయేదాకా ఆగి మరీ మారారు. 2023లో ఆ మెస్సు మూసేశారు.

కొన్నాళ్ళకి ఆయన నారాయణగూడ బస్టాపులో కనిపించాడు. ఒక క్యాటరింగాయన దగ్గర కుదిరానన్నాడు. "వంట కాదండీ, లెక్కలు చూస్తన్నాను." వంటెందుకు మానేశారని మాట వరసకి అడిగాను. "సెకండ్ వేవులో జ్వరం వచ్చింది కదండీ. అప్పుడు పోయిన వాసన మళ్ళీ రాలేదు. రుచీ సరిగ్గా తెలీదు. ఆవిడకేమో మోకాళ్ళ నొప్పులు. వంటవాణ్ణి పెట్టాం. ఆడు మాడబెడతన్నాడో, బాగా చేస్తన్నాడో నాకెలా తెలుస్తాదండీ? అందుకే కదా మిమ్మల్నందర్నీ రోజూ అడిగేవోణ్ణి."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది. నా బస్సొచ్చింది, ఎక్కేశాను.

అప్పట్నుంచీ ఈ విషయం ఎవరి దగ్గర ఎత్తినా కొన్ని మామూలు జవాబులు వస్తున్నాయి. వాటి సంగతి చూద్దాం.

మొదటిది, ‘పాపం, కష్టపడి బతుకుతున్నాడు, చిన్న హోటలు, విమర్శించడమెందుకు?’ చాలా దయగా వినిపిస్తుంది. చిన్న హోటలువాడి మీద దయ సరే, అక్కడ తినేవాడి మాటేమిటి? అశోక్‌నగర్ చుట్టుపక్కల గ్రూప్స్‌కి చదువుకునే పిల్లల్ని చూడండి. ఊళ్ళో నాన్న పంపిన డబ్బులతో నెల మెస్సు కట్టి, రెండు పూటలా ఆ అన్నమే తింటారు. ఆ పిల్లాడికి మాడిన నూనె రుచికి సంబంధించిన విషయం కాదు, కడుపుకి సంబంధించిన విషయం. వాడికి ఇంకో చోటికి వెళ్ళే వీలు కూడా లేదు, నెల డబ్బులు ముందే కట్టేశాడు. నాలుగు వందలు పెట్టి బిర్యానీ తినే చోట గొంతెత్తి మేనేజర్ని పిలిచే మనం, నూట ఇరవై రూపాయల భోజనం దగ్గర ఉదారంగా మారిపోతాం. మన జాలి ఖర్చు ఆ పిల్లాడి ఖాతాలో పడుతోంది.

రెండోది, ‘రుచి ఎవరిష్టం వాళ్ళది.’ ఒప్పుకుంటాను, కొంతవరకే. అల్లం చట్నీలో బెల్లం ఎంత వెయ్యాలన్నది ఎవరిష్టం వాళ్ళది. సాంబారు తియ్యగా ఉండాలా, కారంగా ఉండాలా అన్నదానికి జిల్లాకో సమాధానం. పదకొండింటికి పులిసిపోయిన కొబ్బరి చట్నీ ఎవరిష్టం? నాలుగు రోజులుగా మరుగుతూ నల్లబడిన నూనె ఎవరిష్టం? పల్లీల ధర పెరిగిందని పల్లీ చట్నీలో సగానికి పైగా పుట్నాలు పోసి, అదే పేరుతో వడ్డిస్తే అది అభిరుచి కిందికి వస్తుందా? పుట్నాల చట్నీ చెడ్డదేం కాదు. దాన్ని పుట్నాల చట్నీ అనమంటున్నాను, అంతే.

వీడియోలవాళ్ళు సరేసరి. ఊరికే తిన్నా, డబ్బు తీసుకుని తిన్నా, ఆ సంగతి చూసేవాళ్ళకి స్పష్టంగా చెప్పాలని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలోనే మార్గదర్శకాలిచ్చింది. ఉచిత భోజనం కూడా అందులోకే వస్తుంది. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అని 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. నేను చూసిన హోటలు వీడియోల్లో ‘ఈ ప్లేటుకి నేను డబ్బులివ్వలేదు’ అన్న మాట మాత్రం ఇంతవరకూ వినలేదు. బహుశా అందరూ డబ్బులిచ్చే తింటున్నారేమో, మనకెందుకు.

మరి మనం, రాసేవాళ్ళం? మన వ్యాసాల్లో హోటళ్ళు లేవని కాదు, చాలా ఉన్నాయి. అన్నీ చచ్చిపోయినవే. మూతపడ్డ కాఫీ హోటలు, కొట్టేసిన ఇరానీ కేఫు, చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళిన ఇడ్లీ కొట్టు. వాన, ఆవిరి, అరిటాకు. బతికున్నప్పుడు ఆ కొట్టువాడికి ఇవాళ పిండి సరిగ్గా పులవలేదని ఒక్క మాట చెప్పని మనం, పోయాక మూడు పేజీల సంతాపం రాస్తాం. ఇదే పత్రికలో పుస్తకాల గురించి రాసేటప్పుడూ మనం చేసేది ఇదే కదా అని నాకో అనుమానం, కానీ అది వేరే గొడవ, అందులోకి ఇప్పుడు పోను.

2024లో తెలంగాణ ఆహార భద్రతా అధికారులు హైదరాబాదు హోటళ్ళు వరసగా తనిఖీ చేసి, అక్కడ కనిపించినవి ఫొటోలతో సహా ఎక్స్‌లో పెట్టారు. మనమంతా తెగ ఆశ్చర్యపోయాం. ఆ వంటిళ్ళు ఏదో పరాయి దేశంలో ఉన్నట్టు! మన హోటళ్ళలో చెయ్యి కడుక్కునే చోటు ఎక్కడుంటుంది? చాలా చోట్ల వంటింటి గుమ్మం పక్కనే. రోజూ ఆ గుమ్మంలోంచి లోపలికి చూస్తూనే చేతులు కడుక్కున్నాం. తడి నేల మీద పెట్టిన పిండి గిన్నె చూశాం, మూతలేని కూర చూశాం. మూతి తుడుచుకుని బయటికొచ్చాం. అదే ఏడాది అక్టోబరు 30న పచ్చి గుడ్డుతో చేసే మయనీజుని తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. నగరంలో మోమోలు తిని చాలామంది ఆస్పత్రి పాలై, ఒకావిడ చనిపోయాక. అధికారులు ఎన్ని కొట్లకి వెళ్ళగలరు? ఏడాదికోసారి వచ్చినా గొప్పే. రోజూ వెళ్ళేది మనం.

నిజాయితీగా చెప్పడమంటే ఎలా ఉంటుందని అడుగుతారేమో. మా ఇంటి దగ్గర టిఫిన్ సెంటరు గురించి చెప్తాను. ఇడ్లీ రవ్వ ఇడ్లీ, మెత్తగా ఉంటుంది, నమ్మి తినొచ్చు. పల్లీ చట్నీ తొమ్మిదిన్నర లోపు బావుంటుంది, ఆ తర్వాత దాన్లో నీళ్ళు చేరతాయి. వడ ఆదివారం తినండి, ఆ రోజు గిరాకీ ఎక్కువ కాబట్టి వాయి వెంట వాయి దిగుతుంది; మామూలు రోజు పది దాటితే చల్లారి రబ్బరవుతుంది. పెసరట్టులో అల్లం, పచ్చిమిర్చి దండిగా వేస్తాడు, కాని పెనం తుడవడు, ముందు దోసె మాడు కూడా మీకే వస్తుంది. సాయంత్రం పునుగులు పొద్దున మిగిలిన పిండితో వేస్తాడు. అది తప్పేం కాదు, పునుగులకి కాస్త పులిసిన పిండే బావుంటుంది. తప్పల్లా నూనెదే.

కర్రీ పాయింటు సంగతి: దొండకాయ వేపుడు తెచ్చుకోండి. మసాలా కూరలన్నిటికీ గ్రేవీ ఒకటే, వంకాయ ముక్కలు వేస్తే గుత్తొంకాయ, బంగాళాదుంప వేస్తే కుర్మా. సలసల కాగే సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తాడు. స్టీలు గిన్నె తీసుకెళ్ళండి. ఒక గరిటె ఎక్కువే పోస్తాడు, నేను చూశాను.

ఇందులో పొగడ్తా లేదు, తిట్టూ లేదు. ఇలా రాస్తే ఏ హోటలూ మూతపడదు. ఒక్క స్టారు ఇచ్చి వచ్చేస్తే చిన్న కొట్టు నిజంగానే దెబ్బ తింటుంది, కాబట్టి నేను అంతర్జాలంలో రాయడానికి ముందు కౌంటర్లో చెప్తున్నాను. సులువనుకోకండి. మొదటిసారి నా గొంతు నాకే వినపడలేదు.

మొన్న మంగళవారం అదే టిఫిన్ సెంటరులో పల్లీ చట్నీ పులిసింది. వెళ్ళి చెప్పాను. కౌంటరాయన నా వంక ఎగాదిగా చూశాడు. "పొద్దటి సంది వంద మంది తిన్నరు సార్. మీరొక్కరే అంటున్నరు." అంటూనే గిన్నెలో గరిటె ముంచి అరచేతిలో వేసుకుని నాకి చూశాడు. ఏమీ అనలేదు. లోపలికి కేకేసి గిన్నె తీయించాడు.

నా బల్ల మీద ఎదురుగా తిన్న కుర్రాడు అప్పుడే డబ్బులివ్వడానికి వచ్చాడు. వాడి ప్లేటు ఇంకా బల్ల మీదే ఉంది, ఇడ్లీలు అయిపోయాయి, చట్నీ మొత్తం ఓ పక్కకి నెట్టేసి ఉంది. కౌంటరాయన వాడినీ అడిగాడు, చట్నీ ఎట్లుంది తమ్మీ అని.

"మంచిగుందన్నా" అన్నాడు వాడు, ఫోను స్కానరు ముందు పెడుతూ.