నేలగదికి చెమట ఎక్కడిది?

పిల్లలూ! కథల్లో నేలమాళిగ అంటే మీకెంతో ఇష్టం కదా. అందులో నిధి ఉంటుంది, దానికి పాము కాపలా ఉంటుంది, రాకుమారుడు దివిటీ పట్టుకుని మెట్లు దిగుతాడు. భద్రాచలంలో మా తమ్ముడి ఇంట్లో కూడా అలాంటి గది ఒకటి ఉన్నది. ఇల్లు వాలు నేలమీద కట్టారు. వీధి నుంచి చూస్తే ఒక్క అంతస్తే కనిపిస్తుంది. లోపల మెట్లు దిగితే, వీధివైపు గోడ పూర్తిగా భూమిలో ఉన్న గది వస్తుంది. దాని కిటికీ పెరటిలోకి తెరుచుకుంటుంది. ఆ గదిలో పాము లేదు గాని నిధి ఉన్నది. అది మా తమ్ముడి మనుమరాలి ఆకుల బీరువా.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి చదువుతున్నది. అడవి దారిలో దొరికిన ఆకులను పాత వార్తాపత్రికల మధ్య అణిచి, ఆరబెట్టి, అట్టలకు కుట్టి, కింద చెట్టు పేరు, ఊరు, తేదీ రాసి పెడుతుంది. తునికి, ఇప్ప, నల్లమద్ది, మోదుగ, టేకు అన్నీ కలిపి 112 అట్టలు. మొదటి ముప్ఫై అట్టలమీద పేర్లు రాసింది వాళ్ల నాయనమ్మ. ఆవిడ ఇప్పుడు లేదు.

పోయిన ఏడు ఆగస్టులో నేను వెళ్లినప్పుడు బీరువా తెరిచి చూపింది. ఆకులమీద బూడిదరంగు బూజు. కాగితాలు అప్పడాల్లా మెత్తబడినవి.

“తాతయ్యా, ఆకులు మళ్లీ కోసుకురావచ్చు. నాయనమ్మ రాసిన పేర్లెట్లా?” అన్నది.

“గది మూసిపెట్టబట్టే ఇట్లా అయింది. కిటికీ, తలుపులూ బార్లా తెరిచి ఉంచు. గాలి ఆడితే అదే ఆరుతుంది,” అని చెప్పి వచ్చేశాను. ఎన్నో ఏళ్లు బడిలో చెప్పిన మాటే గనక తడుముకోకుండా చెప్పాను. వారం తిరగకుండా ఫోను చేసింది. “తాతయ్యా, తెరిచిన రోజే గోడలు ఎక్కువ తడుస్తున్నవి. నేను రోజూ రాసి పెట్టాను.” పందొమ్మిది అట్టలు పాడైపోయినవి. నా మాట వినకపోతే వాటిలో సగమైనా దక్కేవి కాబోలు.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. మీ ఇంట్లో మంచినీళ్ల మట్టికుండ ఉంటే దానిమీద చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉంటుంది. ఇత్తడి చెంబులో మంచుముక్కలు వేసిన నీళ్లు పోసి కాసేపు ఉంచండి, అదీ తడిగానే ఉంటుంది. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉన్నా, కుండ తడి లోపలి నీళ్లు మట్టిలోని సన్నని రంధ్రాలగుండా ఊరి వచ్చినది. చెంబు తడి బయటి గాలిలో ఉన్న ఆవిరి చల్లని లోహానికి తగిలి నీరైనది. చెంబులో నీళ్లు ఒక్క చుక్క కూడా తగ్గవు.

గోడ కూడా ఒక్కోసారి కుండ, ఒక్కోసారి చెంబు. ఒక ఎండు ఇటుకను పళ్లెంలో అంగుళం నీళ్లలో నిలబెట్టండి. తడి మెల్లగా పైకి పాకుతుంది, దీపపు వత్తి నూనెను పీల్చినట్టే. భూమిలో ఉన్న గోడ కూడా అలాగే నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లు ఆరినచోట తెల్లగా ఉప్పు పూస్తుంది.

ఇక గాలి సంగతి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 25 డిగ్రీలకు చల్లబడితే 23 గ్రాములకు మించి మోయలేదు. తక్కిన 7 గ్రాములూ నీరై ఎక్కడో ఒకచోట దిగవలసిందే. మా తమ్ముడి గదిలో సుమారు 30 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. వాన వెలిసిన మధ్యాహ్నం ఉక్కగాలి ఒక్కసారి ఆ గదినిండా చేరి చల్లబడితే 210 గ్రాములు, అంటే ఒక గ్లాసుడు నీళ్లు! కిటికీ రోజంతా తెరిచి ఉంటే ఎన్ని గ్లాసులో మీరే ఊహించండి. నేనిచ్చిన సలహా అదే.

మరి గోడ కుండో చెంబో తెలిసేదెట్లా? దీనికి అరచేయంత ప్లాస్టిక్ కాగితం చాలు. గోడను గుడ్డతో తుడిచి, కాగితాన్ని పెట్టి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి, రెండు రోజులు ఆగాలి. కాగితానికీ గోడకూ మధ్య తడి చేరితే అది గోడలోనుంచి వచ్చింది. కాగితం పైముఖాన చెమ్మ పడితే అది గాలిలోనుంచి వచ్చింది. మనుమరాలు మూడుచోట్ల అంటించింది. వీధివైపు గోడమీద కాగితం వెనకవైపు తడిసింది. పెరటిగోడమీదా, నేలమీదా కాగితాలు పైముఖాన తడిసినవి. అంటే ఆ ఒక్క గదిలో కుండా ఉన్నది, చెంబూ ఉన్నది!

కుండ సంగతి పెద్దవాళ్లు చూసుకున్నారు. వీధివైపు చూరునీళ్లు సరిగ్గా గోడమొదట్లోనే పడుతున్నవి. మా తమ్ముడు వాటికి గొట్టం పెట్టించి, వాలుగా కాలువ తీయించి దూరంగా పంపాడు. అంతకుముందొక మేస్త్రీ చెమ్మ కనిపించకుండా లోపలివైపు సిమెంటు పూశాడట. పోవడానికి దారిలేని తడి ఇంకాస్త పైకెక్కింది, అంతే.

చెంబు సంగతి మనుమరాలు చూసింది. వానాకాలపు ఉక్కరోజుల్లో కిటికీ మూసేస్తుంది. సంక్రాంతి రోజుల పొడిగాలికి తెరుస్తుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా, ఇటుకలమీద నిలిపింది. బీరువా కింది అరలో కాల్చిన సున్నపురాళ్లు కుండలో పెట్టాడు మా తమ్ముడు. కిలో సున్నం పూర్తిగా పొడి అయ్యేసరికి సుమారు 320 గ్రాముల నీరు పీలుస్తుంది, బాగా ఉబ్బుతుంది కూడా. అందుకే కుండ మూడోవంతే నింపాలి. పిల్లలు దాన్ని ముట్టరాదు. నీళ్లు పడితే భగ్గున వేడెక్కుతుంది, కంటిలో పడితే చూపే పోవచ్చు. బీరువాకు ఇది చాలుతుంది గాని, గది మొత్తాన్ని సున్నంతో ఆరబెట్టాలనుకోవడం గోదావరిని చెంబుతో తోడటమే.

బూజుపట్టిన అట్టలను ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట నీడలో ఆరబెట్టి, మెత్తని కుంచెతో దులిపారు. నాయనమ్మ రాసిన ముప్ఫైలో ఇరవై ఆరు దక్కినవి. వాటన్నిటికీ ఫోనుతో ఫోటోలు కూడా తీశారు.

ఆకులు పోగొట్టుకున్నవాళ్లలో పెద్దవారు కూడా ఉన్నారు. విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు సామర్లకోటలో ఉండి ఈ ప్రాంతపు మొక్కలను శోధించాడు. 1787 మే నెలలో, ఇదే గోదావరి సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉన్న ఇంజరంలో ఉప్పెన వచ్చి, ఆయన అంతవరకు కూడబెట్టిన ఎండుమొక్కలన్నీ నీటిపాలైనవి. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. మనదేశపు చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. 1795 నుంచి 1820 దాకా 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం మూడు సంపుటాలుగా వెలువడింది. మనం బీడీలకు కోసే తునికాకు శాస్త్రీయనామం డయాస్పిరాస్ మెలనాక్సిలాన్. ఆ పేరు పెట్టింది ఆయనే. సంగతి విన్నాక మనుమరాలు తన తునికి అట్టమీద నాయనమ్మ అక్షరాల కింద ఆ పేరు కూడా రాసింది.

ఆ గది పూర్తిగా ఆరిందని చెప్పను. గోదావరి నిండుగా పారే రోజుల్లో ఒడ్డున భూమిలో నీటిమట్టం కూడా పైకి వస్తుంది, దాన్ని ఏ కాలువా ఆపలేదు. అందుకని ఇప్పుడు అణిచే పని, కుట్టే పని మాత్రమే కింద జరుగుతున్నది. జూన్ రాగానే అట్టలు పెట్టెలో సర్దుకుని పై అటకమీదికి పోతవి.

భద్రాచలంలో నీళ్లు 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. మనుమరాలు పెట్టెమూతమీద ఒక చీటీ అంటించింది. “43 అడుగులు: ఈ పెట్టె ముందు. టీవీ తరవాత.” కింద మా తమ్ముడిచేత సంతకం కూడా పెట్టించుకున్నది.