పాత యంత్రమునకు జీర్ణోద్ధరణము

శిథిలమైన దేవాలయమును కూలద్రోయక జీర్ణోద్ధరణము గావించుట మన పెద్దల ఆచారము. పాత కంప్యూటరు విషయమునను అదియే ఉచితము.

యంత్రము మందగించినంతమాత్రమున చెడినదని తలచుట పొరపాటు. దానిని నడపు మూల సాఫ్టువేరును ఆపరేటింగు సిస్టమందురు. అది నానాటికి బరువెక్కుచుండును. పాత యంత్రపు శక్తి మాత్రము పెరుగదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11కు కనీసము 4 జీబీల మెమొరీయు, మరికొన్ని నూతన భాగములును కావలెను. అవి లేని యంత్రములన్నియు చెత్తకుప్పకు పోవలసినదేనా? అక్కరలేదు.

1991లో ఫిన్లాండు దేశమున, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించి, దాని సోర్సు కోడును లోకమునకు పంచిపెట్టెను. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు ఈయవచ్చును. ఆ పునాదిపై లుబుంటు, పప్పీ లినక్సు వంటి తేలిక సిస్టములు వెలసినవి.

స్థాపనకు ముందు రెండు జాగ్రత్తలు వలయును. డిస్కులోని పత్రములను వేరొకచోట భద్రపరుపవలెను. లేనిచో అవి తుడిచిపెట్టుకొనిపోవచ్చును. పిదప క్రొత్త సిస్టమును పెన్‌డ్రైవు నుండియే నడిపి, తెర, ధ్వని, ఇంటర్నెట్టు సరిగా నున్నవో లేవో పరీక్షింపవలెను.

కష్టములు లేకపోలేదు. కొన్ని ప్రోగ్రాములు, కొన్ని ప్రింటర్లు ఇందు పనిచేయవు. పెక్కు వెబ్‌పుటలు ఒక్కసారిగా తెరచినచో పాత యంత్రము తడబడును. ఐనను వ్యాసరచనకు, లెక్కలకు, ప్రోగ్రామింగు అభ్యాసమునకు అది చాలును.

కొన్న వస్తువును వాడుట యొక విద్య. దాని లోగుట్టెరిగి బాగుచేసికొనుట అంతకు మిన్నయైన విద్య. బడిలో ఒక మూల ధూళిపట్టియున్న కంప్యూటరును ఉపాధ్యాయుని పర్యవేక్షణమున విద్యార్థులే నిలబెట్టినచో, క్రొత్త యంత్రము నేర్పలేని పాఠమును అది నేర్పును.